పట్టిక రెండు, పందొమ్మిదో వరుస

డాక్టర్ కుళ్లాయమ్మ పేపరు అచ్చయింది.
పద్నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు,
కడాన మూడు పేజీల నిండా ఎవరెవరివో పేర్లు.
గుత్తి రోడ్డులో నా వైండింగు షాపుకాడికి తనే వచ్చి
స్కూటీ దిగకుండానే చేతికిచ్చింది.
"పట్టిక రెండు చూడు మారెక్కా, పందొమ్మిదో వరుస."

డిప్లొమా చదివే హెల్పరు పెన్నోబులేసు
గ్రీజు చేతులు తుడుచుకొని చదివినాడు.
స్త్రీ. ముప్పై ఆరు. చేతిపని.
మొదటి లక్షణం: ఎడమ కన్ను.
దాడులు: నాలుగు.
నడక: కర్రతో, వంద మీటర్లు.
అంతే నేను.
రోగుల పేర్లు రాయకూడదంట, అది మర్యాదంట.

చేతిపని ఏందో కూడా రాయల్యా.
కాలిన బోరు మోటరు ఇప్పి
మసిబారిన రాగితీగ పెరికి
కొత్తది చుట్టేది నా పని.
చెనిక్కాయకు ఆఖరి తడి కావాల్సిన వారంలో
రాత్రి ఒంటిగంటకైనా షట్టరు కొడతారు.
తీగ తెగి కాలదు మోటరు.
తీగ మీద వార్నిషు పోతాది,
పక్కతీగకి తగులుతాది,
పోవాల్సిన కరెంటు ఇంక యాడికో పోతాది.

ఈ మాటే చెప్పినా డాక్టరమ్మకి
ఎమ్మారై ఫిలిం లైటుకి పెట్టి
తెల్లమచ్చలు చూపించిన రోజు.
"అదే మారెక్కా, నరం మీద పూత.
నీ ఒళ్లే దాన్ని గీకేస్తాంది."
ఎందుకు అంటి.
ఫిలిం దించి కళ్లజోడు తుడుచుకుంది.
"తెలిస్తే ఆ పొద్దే పరిగెత్తుకొచ్చి చెప్తా."
అంతకుముందు ఎనిమిది మంది చెప్పింటిరి,
రక్తం తక్కువని, మెడ ఎముకని, మనసు బాలేదని.
తెలీదని చెప్పింది ఈమే.

పదకొండేండ్లు లెక్క రాసిందంట, నలభై ఒక్క మందిని.
ఎండాకాలం మిట్టమధ్యాన్నం ఫోను:
"ఈ పొద్దు కాళ్లెట్లుండాయి? కన్ను?"
అక్కరనుకుంటి. లెక్కంట.
కోపమొచ్చింది, కొంచేపు.

ఏడో పేజీలో గీతల బొమ్మ.
అడుగున నెలలు, నిలువున మేము.
మార్చి దాటితే లేస్తాము,
మేలో కొండెక్కుతాము,
మృగశిర చినుకు పడితే దబ్బున దిగుతాము.
దాని కింద ఒక్క వాక్యానికి పెన్నుతో గీత కొట్టిచ్చింది.
ఎండకి వచ్చేది అన్నిసార్లూ కొత్త దాడి కాదు.
పాత గాయమే, వేడికి మళ్లీ తడబడతాంది.
నీడకొస్తే, తడిగుడ్డేస్తే, సర్దుకుంటాది.
ఆ ఒక్క వాక్యానికి పదకొండు మే నెలలు.
అది తెలియక ముందు
మసకేసినప్పుడల్లా అడ్మిటై
స్టీరాయిడు సీసాలో చుక్కలు లెక్కబెడతా పడుకుంటి.

కడాన "పరిమితులు" అని ఒక పేరా.
ఆసుపత్రికి రాగలిగినోళ్లనే లెక్కించినాము,
రాలేనోళ్లు ఎందరో తెలియదు.
పెన్నోబులేసు పేజీ తిప్పబోయినాడు.
ఆగు, మళ్లీ చదువు అంటి.

నాకు తెలుసు ఒకరు.
కనేకల్లు దగ్గర మోటరు బిగించను పోయిన ఇంట్లో
నులకమంచం మీద పిల్ల, ఇరవై ఉంటాయేమో.
సంకటి ముద్ద చేతిలోంచి జారుతాంటే
ఒక కన్ను మూసి, ఇంకో కంటితో ఎతుకుతాండె.
గాలి సోకిందని మెడలో నాలుగు తాయెత్తులు.
నాకు అర్థమయింది.
కూలి డబ్బులు ఎంచుకొని వచ్చేసినా.
బిల్లు బుక్కులో తేదీ కూడా ఉండాది, ఏప్రిల్ పదారు.

పొద్దు పొడవకముందే కనేకల్లు బస్సు.
మెడకి తడిపిన తువ్వాలు, మోకాళ్ల సందున కర్ర.
పేపరు వెనక డాక్టరమ్మ నంబరు, పెద్ద అంకెలతో.
చిల్లర ఇస్తాంటే ఏళ్లు మాట వినల్యా,
రూపాయి బిళ్ల దొర్లి సీటు కిందికి పోయింది.
కండక్టరు వంగబోతే
దిగేటప్పుడు ఎతుకుదాంలే అంటి.
బయట ఇంకా చలువగానే ఉండాది.